బొట్టు పెట్టిన అక్షరాలు

అక్క పురికొస తెంపినప్పుడు బావ వాకిట్లో నిలబడి వేపపుల్ల నములుతున్నాడు. నేను కిటికీ పక్కన కూర్చుని ప్రూఫు దిద్దుతున్నాను. కత్తెర చప్పుడు ఎంత ఉంటుంది? అయినా బావకు వినిపించింది. పుల్ల నోట్లో ఉండగానే లోపలికి వచ్చాడు.

"ఏం కోసినవే?"

"సేటు పుస్తకం."

"ఏ పుస్తకం?"

"మన ప్రెస్సుల సేటుకు ఎన్ని పుస్తకాలున్నయి? గదే, నిబంధనలది. మొదటి పేజీ ఇప్పిన. రెండోది గూడ ఇప్పుత. నాకు అక్షరాలు గావాలె."

బావ ఆమె ముందున్న ఇనుప పళ్లెం వైపు చూశాడు. సీసపు అక్షరాల పేజీ చెదరకుండా చుట్టూ బిగించి కట్టిన పురికొస రెండు ముక్కలై పక్కన పడి ఉంది. దాని మీద దీపావళినాడు పెట్టిన కుంకుమ ఇంకా పోలేదు.

"బొట్టు పెట్టిన దాన్ని ఇప్పినవా?" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. భయపడి అన్నాడు.

"బొట్టు ఆయన పెట్టుకున్నడు. అక్షరాలు మనయి. మీరు అవతలికి జరుగుండ్రి, వెలుతురు అడ్డమొస్తున్నరు."

బావ జరగలేదు. నా వైపు తిరిగాడు. "బామ్మర్ది, నువ్వన్న జెప్పు." నేను ప్రూఫు కాగితంలోనుంచి తల ఎత్తలేదు. ఆ పేజీ విప్పితేనే నేను రాసిన వార్త అచ్చవుతుంది. విప్పితే మిర్యాలగూడ బజారులో మా ప్రెస్సుకు పని ఉంటుందో ఉండదో తెలియదు. ఆ రెండింటిలో ఏది కావాలో అప్పటికి నేను ఒక్కసారి కూడా గట్టిగా చెప్పి ఉండలేదు. అక్క అప్పటికే వరసలు ఎత్తి, అక్షరాలను ఒక్కొక్కటిగా వాటి గళ్లలో వేస్తున్నది.

డెబ్బయ్యో దశకం మొదట్లో జరిగిన సంగతి ఇది. పురికొస ఒకటి తెంపడం అంత పెద్ద విషయం ఎలా అయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో నేను సూర్యాపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. వార్తలు రాసి కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. అది పట్నం చేరి, అక్కడ ఎవరో చదివి, మూడు నాలుగు వాక్యాలుగా కుదించి వేసేవారు. పాలకీడు దగ్గర చెరువు తెగినా అంతే, సూర్యాపేటలో మంత్రి గారు రిబ్బను కత్తిరించినా అంతే. కొన్నేళ్లు అలా పని చేశాక, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మా మూడు ఊళ్ల సంగతులు నిండుగా రాసుకునే వారపత్రిక ఒకటి మనకే ఉంటే బాగుండుననిపించింది. ఆ మాట మా అక్క వాళ్లింట్లో అన్నం తింటూ అన్నాను.

బావది వేములపల్లి. వ్యవసాయం అంటే ఆయనకు విసుగు. వాన కోసం ఆకాశం వైపు చూసే బతుకు వద్దని, చెలక అమ్మి, బెజవాడలో పాత ట్రెడిల్ యంత్రం ఒకటి కొన్నాడు. కాలితో తొక్కితే ఒక్కో కాగితం అచ్చేసే యంత్రం అది. లారీ మీద కోదాడ మీదుగా మిర్యాలగూడలో అక్క వాళ్లింటికే వచ్చింది. ఆయన చెలక అమ్మిన కొన్నేళ్లకు సాగర్ కాలువ నీళ్లు వచ్చాయి. ఆ చెలకలో వరి పండింది. వేములపల్లి నుంచి చుట్టాలెవరు వచ్చినా ఆ మాట ఎత్తకుండా వెళ్లేవారు కాదు. నేను వదిలేసిన సూర్యాపేట కొలువులోకి కూడా మరొకాయన వచ్చాడు. ఇద్దరికీ వెనక్కి వెళ్లే దారి లేకుండా పోయింది.

పత్రికను నాలుగు పేజీలతో మొదలుపెట్టాం. మొదట్లో అక్షరాలు కూర్చడానికి పనివాడు ఒకాయన ఉండేవాడు. ఆయన హైదరాబాదు వెళ్లిపోయాక అక్క నేర్చుకుంది. ఒక్క తెలుగు వాక్యం కూర్చాలంటే ఎన్ని గళ్లలోకి చెయ్యి వెళ్లాలో చూసినవాళ్లకే తెలుస్తుంది. తలకట్టు ఒక చోట, ఒత్తు ఒక చోట. వంటింట్లో పోపుడబ్బా తీసినంత సులువుగా ఆమె చెయ్యి ఆ గళ్ల మీద తిరిగేది.

పత్రిక అమ్మి బతకలేమని మాకు మొదటి ఏడాదే అర్థమైంది. ఊళ్లో ఒక్క కాపీ కొంటే పది మంది చదివేవారు. చదివాక మళ్లీ మా దగ్గరికే వచ్చి, "పోయిన వారందేమన్న మిగిలినయా, పొట్లాలకు" అని అడిగేవారు. ఇల్లు గడవడానికి, పిల్లల చదువుకు బయటి పనులు చేశాం. పెళ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. కాలువ నీళ్లతో పాటు రైసు మిల్లులు లేచాయి కనుక పనికి కొదవ లేదు.

అక్కడే బావకు ఒక ఆలోచన తట్టింది. మామూలుగా ఒక పని అచ్చయ్యాక ఆ అక్షరాలను విప్పి గళ్లలో వేసేస్తారు. మళ్లీ అదే పని వస్తే మళ్లీ కూర్చాలి. అలా విప్పకుండా, పురికొసతో కట్టి అరల్లో పెట్టేస్తే? రెండోసారి పని వచ్చినప్పుడు తీసి అచ్చేయడమే. అలా కూర్చి ఉంచిన మ్యాటర్‌ను ప్రెస్సు వాళ్లు స్టాండింగ్ అంటారు.

"ఒక్కసారి కష్టపడుడు, ఎప్పటికి తినుడు," అన్నాడు బావ సంబరంగా. "పైగా పనిచ్చినాయన మ్యాటర్ మన అరల ఉన్నంక వేరే ప్రెస్సుకు ఎందుకు పోతడు? కట్టేసినట్టే!"

ఆ మాట నిజమే. పని నిలకడగా వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. బావకు అలంకారం ఇష్టం. ప్రతి అర అంచు మీద తెల్ల రంగుతో ఆ దుకాణం పేరు రాయించాడు. బట్టల దుకాణం, ఎరువుల దుకాణం, సినిమా హాలు, మిల్లులు. బజారు నుంచి వచ్చినవాళ్లు ఆ పేర్లు చదివేవారు. తమ పేరు లేనివాళ్లు "మాదెందుకు లేదు?" అని అడిగేవారు. ప్రెస్సులో అర ఉండటం బజారులో ఒక గౌరవం అయిపోయింది. ఒక నూనె వ్యాపారి వియ్యంకుణ్ని వెంటబెట్టుకొని వచ్చి తన పేరు చూపించుకొని పోయాడు. ఆయనకు ఏడాదికి ఒక్క బిల్లు పుస్తకం పని కూడా ఉండేది కాదు.

అందరికంటే పెద్ద అర మిల్లు సేటుది. ఆయన ధాన్యం వ్యాపారుల సంఘానికి పెద్ద. ఆ సంఘం నిబంధనలు, సభ్యుల పేర్లు, రేట్లు ఉన్న పుస్తకం ప్రతి పంటకాలంలో అచ్చేయించేవాడు. రేట్లు తప్ప ఏమీ మారవు కనుక అన్ని పేజీలూ కట్టి ఉంచమన్నాడు. బిల్లు పుస్తకాలకు పెద్దగా అక్షరాలు పోవు. ఈ పుస్తకం అలా కాదు. పత్రికలో వార్తలకు వాడే చిన్న అక్షరాలన్నీ అందులోకే పోయాయి.

సేటు మర్యాదస్తుడు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఒక దీపావళినాడు మిఠాయి పొట్లంతో, పూలతో ప్రెస్సుకు వచ్చాడు.

"దుకాణంల లెక్కల పుస్తకాలకు పూజ జేసి వస్తున్న పటేలా," అన్నాడు బావతో. "గాడున్నయి నా పుస్తకాలే, గీడున్నది నా పుస్తకం గాదా? దీనికెందుకు బొట్టు పెట్టొద్దు?"

"పెట్టుండ్రి సేటు, మా అదృష్టం," అన్నాడు బావ. అక్క హారతి పళ్లెం పట్టుకుంది. సేటు ఒక్కో పేజీ పురికొస మీద కుంకుమ పెట్టి, కళ్లు మూసుకొని దండం పెట్టాడు. సాయంత్రానికల్లా ఆ సంగతి బజారంతా తెలిసింది. మిగతావాళ్లూ వచ్చారు. తరువాతి ఏడాది నుంచి అది ఆనవాయితీ అయింది. దీపావళినాడు మా ప్రెస్సు గుడిలా ఉండేది. బొట్టు పెట్టిన మ్యాటర్‌ను విప్పడం గురించి ఇక ఎవరూ ఆలోచించలేదు.

పత్రిక మాత్రం తగ్గుతూ వచ్చింది. నాలుగు పేజీలకు సరిపడా అక్షరాలు గళ్లలో ఉండేవి కావు. రెండు పేజీలు చేశాం. కొన్ని వారాలు ఒక్క వైపే అచ్చేసి పంపాం. నేను వార్తలు చిన్నవిగా రాయడం అలవాటు చేసుకున్నాను. చెరువు తెగితే మూడు వాక్యాలు. మంత్రి గారు వస్తే మూడు వాక్యాలు. ఎవరి దగ్గర ఆ కుదింపు భరించలేక బయటికి వచ్చానో, వాళ్ల పని ఇప్పుడు నేనే చేస్తున్నాను.

కోదాడ బస్టాండు దగ్గర మా పత్రిక అమ్మే ఏజెంటు ఒకాయన ఉండేవాడు. ఆయనది కృష్ణా దాటొచ్చిన మాట. కట్ట విప్పి, ఆ ఒక్క కాగితాన్ని వేళ్లతో ఎత్తి పట్టుకొని అడిగేవాడు.

"ఏవండీ, ఈ వారం తమలపాకంత పంపించారేంటండీ? వక్కా సున్నం ఏవండీ?"

"పని ఒత్తిడి ఎక్కువైందండీ," అనేవాణ్ని.

"ఒత్తిడి ఎక్కువైతే పేపరు లావవ్వాలి గదండీ! మీది బక్కచిక్కుతుందేంటండీ? మొన్న ఒకాయన బస్సెక్కుతా కొన్నాడు. బస్సు కదిలేలోగా చదివేసి, కిటికీలోంచి తిరిగిచ్చేశాడు. డబ్బులు ఇచ్చేయమంటాడు!"

బావతో చాలాసార్లు మాట్లాడాను. ఆయన మాటలో తప్పు పట్టడం కష్టం. "పత్రిక ఏనాడన్న మనకు పూట కూడు పెట్టిందా బామ్మర్ది? అరలే పెడుతున్నయి. అరల మీదనే నీ పత్రిక గూడ నడుస్తున్నది." ఒకసారి నా పోరు పడలేక హైదరాబాదు నుంచి కొత్త అక్షరాలు తెప్పించాడు. ఒక్క నెల నాలుగు పేజీలు వేశాం. ఇంతలో దామరచర్ల వైపు కొత్తగా పెట్టిన మిల్లు వాళ్లు వచ్చారు. సేటు పుస్తకం లాంటిదే తమకూ కావాలన్నారు. ఆ కొత్త అక్షరాలు వాళ్ల అరలోకి వెళ్లిపోయాయి. ఎన్ని తెచ్చినా అంతే అవుతుందని నాకు ఆ రోజు తెలిసింది. ప్రెస్సు ఎంత బాగా నడిస్తే పత్రికకు అంత తక్కువ మిగిలేది. ప్రెస్సు నడవకపోతే పత్రికే ఉండదు.

ఇదిగో, ఈ స్థితిలో మిల్లుల వెనక వీధి ఆడవాళ్లు వచ్చారు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించడానికి మిల్లుల్లో ఊక కాలుస్తారు. ఆ బూడిద గాలికి లేచి ఆ వీధి మీద పడేది. వాళ్లు నా దగ్గరికి రాలేదు. నేరుగా అక్క దగ్గరికి వెళ్లి గళ్ల ముందు నిలబడ్డారు.

"సూడమ్మా," అంటూ ఒకామె కొంగు చాపింది. ఉతికిన చీరే, మీద నల్లటి చుక్కలు. "ఆరేస్తే గిట్లయితది. అన్నం మూత దీస్తే అన్నంల పడ్తది. పోరల కండ్లు ఎర్రగైతున్నయి. దవాఖానకు పోతే చుక్కల మందు పోసి పంపిస్తుండ్రు. జర మీ పేపర్ల రాయుండ్రి."

"ఏ మిల్లుది?" అని అడిగాను.

"అన్నిటిది. ఎక్కువ మాత్రం సేటు మిల్లుదే. గది పెద్దది గద."

ఆ వీధిలో రెండు రోజులు తిరిగాను. మిల్లు పనివాళ్లతో, దవాఖాన కాంపౌండరుతో మాట్లాడాను. ఇంటికి వచ్చి కూర్చుంటే చాలాకాలం తర్వాత మూడు వాక్యాల్లో ఆగలేదు. అక్క చదివింది. గళ్లలో చేతులు పెట్టి చూసింది. "సగం గూడ గాదు తమ్ముడా," అంది. "కుదించనా?" అని నేను అడిగాను. ఆమె కత్తెర కోసం వంటింట్లోకి వెళ్లింది.

ఆ వారం పత్రిక నాలుగు పేజీలు వచ్చింది. కోదాడ ఏజెంటు మరికొన్ని కాపీలు పంపమని బస్సు కండక్టరుతో కబురు చేశాడు. "ఇప్పుడు తాంబూలం నిండిందని చెప్పమన్నాడు సార్," అన్నాడు కండక్టరు. మిర్యాలగూడ బజారు మాత్రం చప్పుడు లేకుండా ఉంది. ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎవరూ బూడిద గురించి మాట్లాడలేదు. బట్టల దుకాణం ఆయన గుమ్మంలోనుంచే మెడ చాచి అడిగాడు: "పటేలా, మాదున్నదా, ఖతమా?" సినిమా హాలు మేనేజరు తన అర దగ్గరికి వెళ్లి, పురికొసను వేలితో లాగి బిగువు చూసుకొని వెళ్లాడు. బావ అందరికీ చాయ్ తెప్పించి, ఇంకెవరిదీ విప్పలేదని, విప్పబోమని ఒట్టు వేసినంత పని చేశాడు.

సేటు నాలుగో రోజు వచ్చాడు. గొడుగు ముడిచి మూలన పెట్టి కూర్చున్నాడు.

"నా పుస్తకం ఇప్పినవంట గద చెల్లె?"

"ఇప్పిన అన్నా."

"బొట్టు పెట్టిన నాడు పళ్లెం పట్టుకున్నది నువ్వే గద?"

"పట్టుకున్న. ఆనాడు నాకు గిన్ని అక్షరాలు అవసరం బడలే."

బావ ఏదో చెప్పబోయాడు. సేటు చేత్తో ఆపాడు. నా వైపు తిరిగి నవ్వాడు. "మంచిగ రాసిండ్రు. ఇంట్ల అందరికి చదివి వినిపించిన. మా ఆమె గూడ అన్నది, మన దండెం మీది బట్టలు గూడ నల్లగైతున్నయని."

"మరి ఏం జేద్దామనుకుంటున్నరు సేటు?"

"ఏం జేస్త? గాలిని జేబుల పెట్టుకుంటనా?" అని తనే నవ్వుకున్నాడు. తర్వాత అరల వైపు చూస్తూ అన్నాడు: "అయినా మీకు అక్షరాలకు ఇంత కరువున్నదని నాకు తెల్వది పటేలా. పరాయోళ్ల లెక్క జేసిండ్రు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద."

ఆయన తిడతాడని, పని ఆపేస్తాడని అనుకున్నాం. వాటికి సిద్ధపడ్డాం కూడా. తరువాతి వారం మిల్లు బండి మా వాకిట్లో ఆగింది. హమాలీలు చెక్కపెట్టెలు దించారు. బెజవాడ నుంచి వచ్చిన కొత్త అక్షరాలు. రసీదు లేదు, కబురు లేదు. "సేటు ఇయ్యమన్నడు" అని చెప్పి వెళ్లిపోయారు.

బావ ముఖం వెలిగిపోయింది. "సూసినవా మనిషి ఎసుంటోడో! ఇగ నీ నాలుగు పేజీలు నీకుంటయి, ఆయన పుస్తకం ఆయనకుంటది."

"వాటితో ఏం అచ్చేస్తం బావా?"

"నీ ఇష్టమొచ్చింది. ఆయన్నే తిట్టుకో, ఎవరొద్దన్నరు? సీసం సీసమే. దానికి ఎవరు కొన్నరో యాదుంటదా?"

అక్షరానికి గుర్తుండదు, నిజమే. కానీ ఆ అక్షరాలతో బూడిద గురించి రెండోసారి రాయడానికి కూర్చుంటే నా చెయ్యి ఎలా నడుస్తుందో నాకు తెలుసు. అక్క అంత దూరం ఆలోచించినట్టు లేదు. లేదా నాకంటే ముందే ఆలోచించేసింది.

"గా పెట్టెలు తెరిస్తే నేను కంపోజ్ చెయ్య," అంది.

"అయితే వాపసు పంపుదమా?" బావ గొంతు మొదటిసారి పెరిగింది. "పంపి సూడు. రేపు పొద్దుగాల్లకు ఒక్కడు మన గడప తొక్కడు. పిల్లలకు ఏం పెడ్తవ్, నీ తమ్ముని వార్తలా?"

తెరిస్తే కూర్చే చేతులు ఉండవు. పంపితే అచ్చేసే పని ఉండదు. పెట్టెలు అలాగే ముందుగదిలో గోడ వారగా ఉండిపోయాయి.

కొత్త పంట వచ్చింది. సేటు పుస్తకానికి మామూలుగానే కబురు వచ్చింది. అక్క విప్పిన పేజీలన్నీ పాత అక్షరాలతోనే మళ్లీ కూర్చింది. ఈసారి పురికొస బావే కట్టాడు, రెండు చుట్లు ఎక్కువ వేసి. పత్రిక మళ్లీ ఒక్క కాగితానికి వచ్చింది. ఆ దీపావళికి సేటు ఎప్పటిలా మిఠాయితో వచ్చి బొట్టు పెట్టాడు. అక్క వంటింట్లోనుంచి రాలేదు. పళ్లెం నేను పట్టుకున్నాను. వెళ్లే ముందు ఆయన ఆ చెక్కపెట్టెల మీదే కూర్చొని చాయ్ తాగాడు. తెరిచారా అని అడగలేదు.

మిల్లుల వెనక వీధి ఆమె ఒకటి రెండుసార్లు కనిపించింది. "రాసిండ్రు గని, పొయ్యయితే ఆరలే గదమ్మా," అంది అక్కతో. నిష్ఠూరంగా కూడా అనలేదు.

పత్రిక ఆ దశకం చివరిదాకా అలాగే ఈడ్చుకుంటూ వచ్చి ఒక వారం ఆగింది. ఆగిన సంగతి ఎవరూ ప్రకటించలేదు. ప్రెస్సు ఇంకొన్నాళ్లు నడిచింది. బావ పోయాక ట్రెడిల్‌ను, అరలను అమ్మేశాం. సేటు అంతకు ముందే పోయాడు. చెక్కపెట్టెలను మాత్రం అమ్మలేకపోయాం. సేటు వాళ్లింట్లో వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మేమూ కదిలించలేదు. మేకులు ఊడదీయకుండానే అవి అక్క వాళ్ల ముందుగదిలో ఉన్నాయి. అవి మావో, సేటువో ఇప్పటికీ తేలలేదు.